అవ్వకు పడిన మాత్ర

ఉప్పు కూడా వేయని చల్లటి మజ్జిగ. నా కూతురు ఒక గుక్క నోట్లోకి తీసుకుని అలాగే ఆగిపోయింది. మింగలేదు, ఉమ్మలేదు. బుగ్గలు ఉబ్బించుకుని నా వైపే చూస్తూ ఉంటే కళ్ళలోంచి నీళ్ళు కారడం మొదలైంది. ఆ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నాకు భయం పుట్టింది సరిగ్గా అప్పుడే.

“ఏందే, మజ్జిగ కూడా కారమా నీకు?” అని మా అత్త నవ్వింది.

పాప కష్టపడి మింగి, “మండతా ఉండాదవ్వా,” అంది.

“యాడ?”

“లోపల.”

అంతకు ముందు రెండు రోజులుగా దాని పెదవులు పొక్కి ఉన్నాయి. దాన్ని మేమెవరమూ పట్టించుకోలేదు. వేసవి సెలవులకు పిల్లలిద్దరినీ తీసుకుని తిరుపతి నుంచి బంగారుపాళ్యం దగ్గరున్న మా అత్తవాళ్ళ మామిడితోటకు వచ్చాను. కాయలు కోసే రోజుల్లో తోటలో ఉన్న పిల్లలకు పెదవులు పొక్కకపోతేనే వింత. కాయ తెంపగానే తొడిమ దగ్గర చిమ్మే సొన తుడుచుకునే ఓపిక ఎవరికి ఉంటుంది? అలాగే కొరికేస్తారు. సాయంత్రానికి మూతి చుట్టూ నల్లగా కాలినట్టు మచ్చలు. మా ఇంట్లో అందరం అలా పెరిగినవాళ్ళమే.

మామిడికాయల కాలంలో అన్నింటికీ ఒక సమాధానం సిద్ధంగా ఉంటుంది. పెదవులు పొక్కితే సొన. కళ్ళు ఎర్రబడితే పంపుసెట్టు తొట్టిలో మునకలు. ఒళ్ళు వెచ్చబడితే బేనీషా పండ్లు ఎక్కువ తిని వేడి చేసింది. పాపకు ఈ మూడూ ఉన్నాయి. ఒక్కొక్కటిగా చూస్తే మూడూ నమ్మదగ్గవే.

నేను పాపను వసారా అంచుకు, వెలుతురులోకి లాక్కెళ్ళి నోరు తెరవమన్నాను. పెదవుల లోపలి వైపు, బుగ్గల లోపల, నాలుక కింద, తెల్లటి పొక్కులు. సొన పెదవి దాటి అంత లోపలికి పోదు. పోయినా నాలుక కింద పొక్కదు. గౌను పైకెత్తి చూశాను. ఛాతీ మీద ఎర్రటి మచ్చలు, కొన్నింటికి నడుమ ముదురు చుక్క.

“వేడే మే అది. బార్లీ కాంచి ఇస్తే రేపటికి సల్లబడతాది,” అంది అత్త.

“వేడి కాదత్తా. మాత్ర.”

“మాత్రా?” అత్తకు నిజంగానే నవ్వొచ్చింది. “ఏ మాత్ర? అది నా మాత్రే కదా!”

ఆ మాట నిజం. పాపకు ఆ ఏడాది కొత్తగా ఒక జబ్బు బయటపడింది. లెక్కలు చేస్తూ చేస్తూ ఆగిపోయేది. మూతి ఒక పక్కకు గుంజుకుపోయేది. పిలిస్తే పలికేది కాదు. కాసేపటికి మామూలై, “ఏమైంది?” అని మమ్మల్నే అడిగేది. తిరుపతిలో పిల్లల నరాల డాక్టరమ్మ పరీక్షలన్నీ చేసి, మూర్ఛలో ఇదొక రకమని చెప్పి కార్బమజపీన్ అనే మాత్ర రాసింది. సెలవులకు తోటకు వచ్చినప్పుడు అత్త ఆ మాత్రల అట్ట చూసి, లోపలికి పోయి తన అట్ట తెచ్చుకుని పక్కన పెట్టింది. అదే పేరు. ఆమెవి కాస్త పెద్ద మాత్రలు, అంతే తేడా.

అత్తకు ముఖంలో నరం నొప్పి. చెంప మీద గాలి తగిలినా కరెంటు కొట్టినట్టు ఉండేదట. పన్నునొప్పి అనుకుని మంచి పళ్ళు పీకించుకుంది కూడా. చివరికి ఎవరో డాక్టరు ఈ మాత్ర ఇచ్చాకే ఆమె మళ్ళీ ముఖం కడుక్కుని, బొట్టు పెట్టుకుని, నవ్వగలిగింది. అందుకే మనవరాలి చేతిలో ఆ పేరు చూడగానే పరాయి ఊళ్ళో పుట్టింటివాళ్ళు కనిపించినంత సంబరపడింది.

“నీకూ ఇదేనా! మంచి మాత్రమ్మీ ఇది. నాకు పానం పోసింది ఇదే,” అంది. ఆ రోజు నుంచి అవ్వా మనవరాలూ పక్కపక్కన కూర్చుని ఒకేసారి మాత్రలు వేసుకునేవాళ్ళు. ఎవరు ముందు మింగితే వాళ్ళు గెలిచినట్టు.

నేను సహజంగా భయస్తురాలిని. పిల్లలు నిద్రపోయాక ప్రతి మందు పేరూ ఫోన్లో వెతికి, దానితో రాగల కష్టాలన్నీ చదివి, ఆనక నిద్ర పట్టక దొర్లేదాన్ని. అత్తను చూశాక ఆ చదవడం మానేశాను. అదే మాత్ర ఏళ్ళ తరబడి మింగుతూ ఆమె గంపలు మోస్తోంది, కూలివాళ్ళను కేకలేస్తోంది. అవ్వకు పడిన మందు మనవరాలికి పడకుండా ఎలా పోతుంది, అదే రక్తం కదా అనుకున్నాను. చదువుకున్నదాన్ని నేను, చదువుకోని ఆమె, ఇద్దరం ఒకే తప్పులో హాయిగా కూర్చున్నాం.

కానీ మాత్ర మొదలుపెట్టిన రోజు డాక్టరమ్మ చెప్పిన మాట ఒకటి నా చెవిలోనే ఉంది. “దద్దుర్లు వచ్చినా, నోట్లో పుండ్లు లేచినా ఆలోచించొద్దు. నాకు ఫోన్ చేయండి.” తోటలో సిగ్నల్ గేటు దగ్గరే ఉంటుంది. పాపను చంకనేసుకుని గేటు దాకా పరుగెత్తాను. ఎనిమిదేళ్ళ పిల్లను ఎత్తుకుని పరుగెత్తగలనని నాకు అంతవరకూ తెలియదు.

డాక్టరమ్మ అంతా వింది. “కళ్ళు ఎలా ఉన్నాయి?” అని అడిగింది.

“ఎర్రగా ఉన్నాయి మేడమ్.”

“ఆ మాత్ర ఇంక ఒక్కటి కూడా వేయొద్దు. పాపను ఇప్పుడే తీసుకురండి. రేపు కాదు.”

“మాత్ర ఆపితే దారిలో మూర్ఛ వస్తే?”

“వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో ఏమీ పెట్టకండి. దాన్ని మనం చూసుకోవచ్చు. ముందు ఇది.”

నా భర్త తిరుపతిలో పనిలో ఉన్నాడు. ఆసుపత్రి దగ్గర ఉండమని ఆయనకు చెప్పాను. బండి ఉన్నది మా మామ దగ్గర. ఆయన తోతాపురి మామిడి లోడు వేసుకుని హైవే పక్క గుజ్జు ఫ్యాక్టరీ ముందు క్యూలో ఉన్నాడు. ఆ క్యూ సంగతి ఇక్కడివాళ్ళకు చెప్పనక్కర్లేదు. కాయల కాలంలో ట్రాక్టర్లు, మినీ లారీలు ఒకదాని వెనక ఒకటి తోక కనిపించనంత దూరం నిలబడి ఉంటాయి. రైతులు బండి కిందే వండుకుని, బండి కిందే నిద్రపోతారు. వరస వదిలితే మళ్ళీ తోక దగ్గరికే. మామ ముందు రోజు నుంచి అక్కడే ఉన్నాడు.

“మామా, పాపకు మాత్ర గిట్టలేదు. తిరుపతికి పోవాల, ఇప్పుడే,” అన్నాను.

“వస్తా ఉండా,” అన్నాడు. ఫోన్ కట్ చేయకుండానే జేబులో వేసుకున్నట్టున్నాడు. అంతా నాకు వినిపించింది.

“ఏందప్పా, స్టార్ట్ చేస్తా ఉండావు? గేటు దగ్గిరికొచ్చేసి ఇప్పుడు యాడికి పోతావు?”

“మనవరాలికి ఒంట్లో బాగలేదప్పా. దావ ఇయ్యండి.”

“దావ యాడుండాది? ముందర ట్రాక్టరు, ఎనక ట్రాక్టరు.”

“ఒరేయ్, ఎనకోడా! రివర్స్ చెయ్‌రా!”

“నా బండికి రివర్స్ పడదబ్బా!”

“పడకపోతే తోస్తాం, న్యూట్రల్లో పెట్టు! రాండప్పా, పట్టండి!”

హో హో అని కేకలు. హారన్లు. ఎవరో బస్సు డ్రైవరును తిడుతున్నాడు. “ఆగయ్యా సామీ, రెండు నిమిసాలు ఆగితే నీ బెంగుళూరు యాడికీ పోదులే!” మామ మినీ లారీ వరస దాటి రోడ్డెక్కిన చప్పుడు, వెనక నుంచి ఎవరిదో గొంతు: “నీ నంబరు మేం కాపాడతాంలే, నువ్వు పో!” గేటు దగ్గర నిలబడి ఇదంతా వింటూ నేను ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియలేదు.

లోడు దించే సమయం లేదు. ముందు సీట్లో మామ, నేను, నా ఒళ్ళో పాప, అత్త, ఆమె ఒళ్ళో నా ఐదేళ్ళ కొడుకు. వెనక బండి నిండా తోతాపురి కాయలు. చిత్తూరు దాటాం. దారంతా పాప నా భుజం మీద వేడిగా, బరువుగా వాలి ఉంది. దాని మూతి ఎక్కడ పక్కకు గుంజుకుంటుందో అని నేను రెప్ప వేయకుండా చూస్తున్నాను. అత్త ఒక్క మాట మాట్లాడలేదు. ఆమె మాట్లాడకుండా అంతదూరం ప్రయాణం చేయడం నేను పుట్టాక చూడలేదు. చంద్రగిరి కోట దగ్గరికి వచ్చాక నా కొడుకు అడిగాడు.

“అమ్మా, కాయలు అమ్మడానికి తిరుపతికి పోతా ఉండామా?”

“అవునురా, నిన్ను కూడా అమ్మేస్తాం,” అన్నాడు మామ, కళ్ళు రోడ్డు మీదే పెట్టి.

ఆసుపత్రి గేటు దగ్గర కాపలా మనిషి చెయ్యి అడ్డం పెట్టాడు. “లోడు బండి లోపలికి రాకూడదు.”

“లోడు ఎనకుండాదప్పా. ముందర పాప ఉండాది. సూడు,” అన్నాడు మామ. కాపలా మనిషి చూశాడు. గేటు తీశాడు.

డాక్టరమ్మ పాప నోరు, కళ్ళు, వీపు, అరికాళ్ళు అన్నీ చూసింది. కళ్ళ డాక్టరును పిలిపించింది. ఆ తర్వాత మా దగ్గరికి వచ్చి, “మందు గిట్టక వచ్చిందే. ముదిరితే చర్మం కాలినట్టు ఊడి వస్తుంది. మీరు మొదట్లోనే వచ్చారు,” అంది. ‘మొదట్లోనే’ అన్న మాట దగ్గర నా భర్త గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చున్నాడు. మేనత్త కూతురిగా నేను ఆయన్ను చిన్నప్పటి నుంచీ ఎరుగుదును. ఆయన అలా కూర్చోవడం ఎప్పుడూ చూడలేదు.

రెండు రోజులు కష్టంగా గడిచాయి. మూడో రోజు కొత్త మచ్చలు రాలేదు. ఆ మర్నాడు కళ్ళు తేటపడ్డాయి. ఆ తర్వాత ఒక ఉదయం పాప నిద్రలేచి, పెదవులు జాగ్రత్తగా కదిలిస్తూ, “అమ్మా, ఊరగాయ తినొచ్చా?” అంది. ఊరగాయ దక్కలేదు కానీ ఆ ప్రశ్న వార్డంతా పాకింది. అప్పటికే మా మామ ఆ వార్డులో అందరికీ బంధువైపోయాడు. లోడు మాగిపోతోందని రోజూ గంపలు గంపలు పంచిపెట్టాడు. నర్సులు, ఆయాలు, పక్క మంచాల తల్లులు, ఆ గేటు కాపలా మనిషి, అందరూ ఉప్పూ కారం అద్దుకుని తోతాపురి ముక్కలు తింటున్నారు. డాక్టరమ్మ వచ్చి కనుబొమ్మలు ఎగరేసి, “ఇది ఆసుపత్రా, మండీయా?” అంది. తనూ ఒక ముక్క తీసుకుంది.

అప్పుడే అత్త తన ప్రశ్న అడిగింది. అన్ని రోజులూ ఆమె లోపలే పెట్టుకున్న ప్రశ్న అది.

“అమ్మా, నాకు పడిన మాత్ర దానికెందుకు పడలేదు? కల్తీ మాత్రా?”

“మాత్ర మంచిదే అవ్వా. మీ ఇద్దరి ఒళ్ళే వేరు.” డాక్టరమ్మ మంచం అంచున కూర్చుంది. “రక్తంలో గ్రూపులుంటాయి, తెలుసు కదా? అలాగే మన ఒంట్లో ప్రతి కణం మీదా ఒక గుర్తు ఉంటుంది. ఒంటిని కాపాడే సైన్యం ఆ గుర్తు చూసి, ఇది మనదే అనుకుని వదిలేస్తుంది. ఆ గుర్తులు వందల రకాలు. సగం తల్లి నుంచి వస్తాయి, సగం తండ్రి నుంచి. వాటిలో ఒకటి రెండు రకాల గుర్తుల మీద ఈ మందు పోయి అతుక్కుంటుంది. అప్పుడు సైన్యానికి సొంత చర్మమే పరాయిదిలా కనిపిస్తుంది.”

“అంటే తోట కాపలావోడు యజమాని కొడుకునే దొంగనుకోని కొట్టినట్టు,” అన్నాడు మామ.

“ఆ, అంతే. కొడుకు ఆ రోజు కొత్త చొక్కా వేసుకున్నాడు, అందుకని.” డాక్టరమ్మ నవ్వింది. “ఆ గుర్తు ఉన్న అందరికీ ఇలా జరగదు. కానీ ఇలా జరిగినవాళ్ళలో అది ఎక్కువగా కనిపిస్తుంది. కొన్ని చోట్ల ఈ మాత్ర ఇచ్చే ముందే ఆ పరీక్ష చేస్తారు. మన దగ్గర ఇంకా అందరికీ చేసే అలవాటు రాలేదు. పాపది పంపిద్దాం. తల్లిదండ్రులవి, తమ్ముడిది కూడా పంపితే ఇంట్లో ఇంకెవరు జాగ్రత్త పడాలో తెలుస్తుంది. మీది మేనరికమా?”

“అవునమ్మా,” అంది అత్త. “నా మొగుడి చెల్లెలి కూతుర్నే నా కొడుక్కి చేసుకున్నాం.”

“అయితే ఇద్దరి వైపు నుంచీ వచ్చి ఉండొచ్చు.”

అత్త ముఖం వెలిగిపోయింది. ఎన్నో రోజుల తర్వాత. “అట్లయితే ఇది వీళ్ళింటి రక్తమే! మొగుడూ పెండ్లాలిద్దరూ ఒగ ఇంటోళ్ళే. నేను సత్యవేడు కాణ్ణించి వచ్చినదాన్ని. దీంట్లో నాదేం లేదు.”

“దాని నోరు కూడా నీ మాదిరే ఉండాది కదా, అది ఎవురింటిది?” అన్నాడు మామ.

“మీ అమ్మది!”

పక్క మంచం మీది ఆవిడ పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

రక్తం ఇచ్చిన రోజు నా కొడుకు ఆసుపత్రి దద్దరిల్లేలా ఏడుస్తాడని అందరం సిద్ధమయ్యాం. వాడు సూది వైపు కన్నార్పకుండా చూస్తూ, “ఇంకా తీసుకోండి,” అన్నాడు. పడిపోయింది వాళ్ళ నాయన. చెయ్యి చాపి, సూది చూసి, ‘అబ్బా’ అని కూడా అనకుండా బెంచీ మీదికి వాలిపోయాడు. పాప పకపకా నవ్వి, వెంటనే రెండు చేతులతో మూతి పట్టుకుని, “నవ్వించొద్దు నాయనా, పెదాలు నొప్పి!” అని అరిచింది.

ఇంటికి వచ్చాం. తిరుపతిలో మాది రెండు గదుల అద్దె ఇల్లు. మామ తోటకు పోయాడు. అత్త మాతోనే ఉండిపోయింది. ఇబ్బంది అక్కడే మొదలైంది.

డాక్టరమ్మ వేరే జాతి మందు మొదలుపెట్టింది. ఆసుపత్రిలో ఉన్నంతకాలం నర్సులు ఇస్తే పాప మింగింది. ఇంట్లో నా అరచేతిలో దాన్ని చూడగానే వెనక్కి జరిగింది.

“ఇది కూడా మాత్రే కదా.”

“ఇది వేరే మాత్రమ్మా.”

“ఇది కూడా అట్లే చేస్తాదా?”

చేయదు అని చెప్పడానికి నోరు తెరిచాను. కానీ పాత మాత్ర కూడా మంచిదేనని నేనే దానికి చెప్పాను. పిల్ల నా ముఖం చదివింది. నోరు గట్టిగా మూసుకుంది.

అత్త తన తెలివంతా వాడింది. మాత్రను బెల్లం ముద్దలో దాచింది. దొరికిపోయింది. ఇడ్లీలో దాచింది. అప్పటి నుంచి పాప ప్రతి ఇడ్లీనీ విమానాశ్రయంలో సామాను చూసినట్టు విప్పి చూసి తినడం మొదలుపెట్టింది. కొన్ని పూటలు బతిమాలితే మింగేది, కొన్ని పూటలు ఉమ్మేసేది. మాత్ర తప్పకూడదని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఒక సాయంత్రం తమ్ముడితో క్యారమ్స్ ఆడుతూ పాప ఆగిపోయింది. చెయ్యి బోర్డు మీదే ఉండిపోయింది. మూతి పక్కకు గుంజుకుంది. కాసేపటికే పోయింది కానీ, నా కొడుకు ‘అక్కా, నీ ఆట’ అని మెల్లగా మళ్ళీ మళ్ళీ అన్న గొంతు నన్ను వదల్లేదు.

ఆ వారంలోనే ఇంకొకటి గమనించాను. అత్త అన్నం ఒక పక్కే నములుతోంది. ముఖం కడుక్కోవడం లేదు, తడిగుడ్డతో అద్దుకుంటోంది. ఆమె సంచీ చూస్తే మాత్రల అట్ట నిండుగా ఉంది.

“అత్తా, ఎప్పటి నుంచి వేసుకోవడం లేదు?”

“పసిబిడ్డ నోరు కాల్చిన మాత్ర నాకొద్దు.”

“మీకు పడుతుంది కదా!”

“నాకు పడతాది కాబట్టే కదమ్మీ నేను దానికి మంచిదని చెప్పింది.” ఆమె చెంప పట్టుకుని గోడ వైపు తిరిగింది.

పాప ఇదంతా వింది. నడుం మీద చేతులు పెట్టుకుని, “ఏందవ్వా నువ్వు, చిన్నపిల్ల మాదిరి! నీకు పడతాది కదా, ఏసుకో,” అంది.

“నువ్వేసుకో, నేనేసుకుంటా.”

“నువ్వే ముందు.”

“నువ్వే ముందు.”

ఇద్దరూ ఒకే మొండి ముఖంతో ఒకరినొకరు చూసుకుంటూ కూర్చున్నారు. మూడో మనిషికి చోటు లేదు. నేను వంటింట్లోకి పోయాను. నవ్వొచ్చింది. భయం కూడా వేసింది. ఒకరికి నొప్పి పెరుగుతోంది, ఇంకొకరికి మూర్ఛ తిరిగొస్తోంది. వాళ్ళిద్దరికీ చెప్పడానికి నా దగ్గర నిజమైన మాట ఒక్కటీ లేదు. ‘ఏం కాదులే’ తప్ప. ఆ మాటకు మా ఇంట్లో విలువ పోయింది.

డాక్టరమ్మ ఫోన్ వచ్చినప్పుడు నేను సంగటి కెలుకుతున్నాను. పొద్దు వాలుతోంది. ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకున్నాను.

“ఫలితాలు వచ్చాయమ్మా. పాపకు ఆ గుర్తు ఉంది. వాళ్ళ నాన్నకు ఉంది. మీకు లేదు. బాబుకు లేదు.”

నేను కెలకడం ఆపాను.

“అంటే కారణం తెలిసినట్టే. ఆ మాత్రా, దాని చుట్టాలైన కొన్ని మాత్రలూ పాపకు జీవితంలో వద్దు. మీ వారికీ వద్దు. ఏ డాక్టరు దగ్గరికి పోయినా ముందే చెప్పాలి.”

“మేడమ్, ఇప్పుడు ఇస్తున్నది?”

“అది ఆ జాతి కాదు. ఏ మందుకైనా నూటికి నూరు అని ఎవరూ చెప్పలేరు, నేనూ చెప్పను. కానీ ఆ గుర్తుకు, ఈ మందుకు సంబంధం లేదు. ధైర్యంగా ఇవ్వండి. మీ అత్తగారిని తన మాత్ర ఆపొద్దనండి, ఆమెకు అది ఇన్నేళ్ళుగా పడుతోంది.”

ఫోన్ పెట్టేసి పొయ్యి వైపు తిరిగాను. సంగటి ఉండలు కట్టింది. భయానికి ఒక పేరు, ఒక హద్దు ఉంటే అది ఎంత చిన్నదైపోతుందో ఆ రోజు తెలిసింది. అంతవరకూ ప్రపంచంలోని మాత్రలన్నీ నా పిల్ల మీద పగబట్టినట్టే ఉండేది. ఇప్పుడు పడనివి ఏవో తెలుసు. మిగిలినవాటి దగ్గర ప్రతిసారీ వణకాల్సిన పని లేదు.

అత్త చప్పట్లు కొట్టినంత పని చేసింది. “నేను సెప్పలా! వీళ్ళింటిదే!”

“బావకు వచ్చింది మామ నుంచైనా కావచ్చు, మీ నుంచైనా కావచ్చత్తా. గుర్తు ఉన్న అందరికీ ఇట్ల కాదంట.”

అత్త ఆలోచించింది. “నాదైతే మాత్రం ఏంలే, నా మనవరాలే కదా,” అంది, కాస్త తగ్గి.

నా భర్త స్పీకర్ పెట్టి మామకు చెప్పాడు.  “మా అమ్మదై ఉంటాదిరా,” అన్నాడు మామ. మా అమ్మకు కూడా అమ్మే ఆమె. నేను ఎరిగిన మొండి మనుషుల్లో మొదటిది. ఏ మాత్ర ఇచ్చినా నాకు గిట్టదని విసిరేసి కషాయం కాచుకునేది. “అందరం ఎక్కిరించినాం. ఏమో, ఆమెకు తెలిసే అనిందేమో.” తెలుసుకునే దారి ఇప్పుడు లేదు. అయినా ఆమె పోయిన ఇన్నేళ్ళకు, ఆ మాట నిజమై ఉండొచ్చేమోనని మేమందరం మొదటిసారి అనుకున్నాం.

పిల్లలు నిద్రపోయాక నేను నిద్ర పట్టక దొర్లలేదు. ఫోన్లో వెతకలేదు. పొద్దున్నే వాళ్ళకు ఏం చెప్పాలో ఒక్కో మాటా ఏరుకుంటూ పడుకున్నాను. ఇప్పుడు ఇది రాస్తున్నది కూడా వాళ్ళు నిద్రపోయాకే. ఆ మాటలు ఇంకా వరస తప్పకుండా గుర్తున్నాయి.

ఉదయం పిల్లలిద్దరినీ ముందు కూర్చోబెట్టుకున్నాను. అత్త పక్కనే ఉంది.

“నీ ఒంట్లో సగం నా నుంచి వచ్చింది, సగం నాయన నుంచి,” అన్నాను పాపతో. “నాయన ఇచ్చిన సగంలో ఒక గుర్తుంది. దానికి ఆ పాత మాత్ర పడదు. నీకు నోరు మండింది అందుకే. అది నీ తప్పు కాదు. నాయన తప్పు కాదు. అవ్వ తప్పు అసలే కాదు.”

“నాకో?” అన్నాడు నా కొడుకు.

“నీకు లేదు.”

“నాకెందుకు లేదు? అన్నీ అక్కకేనా?” వాడి మూతి వంకర తిరిగింది. సూదికి రాని ఏడుపు ఇప్పుడు వచ్చింది.

పాప నవ్వలేదు. “మరి ఈ మాత్ర?” అంది.

“ఇది ఆ జాతి మాత్ర కాదు. డాక్టరమ్మ పరీక్ష చూసే చెప్పింది. ఏమీ కాదని నేను ఒట్టు పెట్టను. కానీ నీకు ఎక్కడ మండినా, దురద పెట్టినా, నాకు చెప్పు. ఎవరు ఏమన్నా, ముందు నీ మాటే వింటాను.”

అది నన్ను చాలాసేపు చూసింది. నేను ముఖం తిప్పుకోలేదు. తిప్పుకోవాల్సిన పని ఈసారి లేదు. చెయ్యి చాపింది. అవ్వ వైపు తిరిగి, “నువ్వు కూడా తెచ్చుకో,” అంది. అత్త లేచి సంచీ కోసం పోయింది. ఆమె తిరిగొచ్చేలోపే పాప మింగేసి, నాలుక బయటపెట్టి చూపించింది.

నా కొడుకు ఇంకా ఏడుస్తూనే ఉన్నాడు. వాణ్ణి ఒళ్ళోకి లాక్కున్నాను.

“నీకు ఆ గుర్తు లేదు, నిజమే. కానీ నీకో పని ఉంది. అక్క ఎప్పుడు ఏ డాక్టరు దగ్గరికి పోయినా, నాకు ఈ మాత్ర పడదు అని చెప్పాల. అక్క మరిచిపోతే నువ్వు చెప్పాల. పేరు నేర్చుకో. కార్బమజపీన్.”

“కారంబజ్జీ,” అన్నాడు వాడు ముక్కు తుడుచుకుంటూ.

పాప పడీ పడీ నవ్వింది. అది నవ్వి, పెదవులు పట్టుకోకుండా ఇంకా నవ్వుతూనే ఉండడం చూసి నేను వాళ్ళతో చెప్పాను:

“కార్బమజపీన్. ఇంగోసారి చెప్పండి. ఇద్దరూ. గట్టిగా.”